అక్క వచ్చింది, కుక్క వచ్చింది

రెండేళ్ళ కిందటి సంగతి. శనివారం క్లాసులో క్రియల పాఠం చెబుతున్నాను. బోర్డు మీద ఒకదాని కింద ఒకటి రాశాను: అన్న వచ్చాడు, అక్క వచ్చింది, కుక్క వచ్చింది, పిల్లలు వచ్చారు, కుక్కలు వచ్చాయి. అందరూ పుస్తకాల్లో ఎక్కించుకుంటున్నారు. ముందు వరసలో ఉన్న ఎనిమిదేళ్ళ పాప మాత్రం పెన్సిలు పక్కన పెట్టి, సగం తెలుగులో సగం ఇంగ్లీషులో అడిగింది: అక్కకీ కుక్కకీ ఒకటే ఎందుకు, అన్నకి మాత్రం వేరే ఎందుకు?

క్లాసు అయిపోవడానికి ఇంకా పది నిమిషాలే ఉంది. "తెలుగులో అంతేనమ్మా, అది రూలు" అనేశాను. ఆ అమ్మాయి ఇంకేమీ అడగలేదు.

తర్వాతి వారం వచ్చి, "అమ్మ కారు పార్క్ చేసి వస్తున్నాడు" అంది. పిల్లలు నవ్వారు. నేను కూడా చిన్నగా నవ్వి సరిదిద్దాను. ఆ సాయంత్రం వాళ్ళమ్మ చెప్తే తెలిసింది. అంతకు ముందే ఇంట్లో వీడియో కాల్‌లో అమ్మమ్మతో "అమ్మ ఆఫీసు నుంచి వచ్చాడు" అన్నదట. అక్కడ ఇల్లంతా ఒకటే నవ్వట. పాప ఫోన్ పెట్టేసి, అమ్మని కుక్కతో కలిపి నేను మాట్లాడను అని ఇంగ్లీషులో చెప్పిందట. ఆ తర్వాత దాదాపు రెండు నెలలు అమ్మమ్మతో తెలుగు మాట్లాడలేదు. క్లాసులో కూడా అడిగినదానికి ఇంగ్లీషులోనే జవాబు.

ఆ నవ్వులో నా వంతు కూడా ఉంది. అందుకే ఈ వ్యాసం. కర్తని బట్టి క్రియ చివర మారడం అనే ఈ చిన్న విషయం తెలుగులో ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎవరు ఎలా వివరించారు, మన పిల్లలు దీని దగ్గరే ఎందుకు తడబడతారు అన్నది నాకు తెలిసినంతలో మీ ముందు పెడుతున్నాను. నేను భాషాశాస్త్రం చదివినదాన్ని కాదు, చదువుకున్నది కంప్యూటర్లు. ఆ పాప అడిగిందానికి జవాబు తెలియకపోవడం వల్ల చదవాల్సి వచ్చింది.

మనలో తెలుగు మీడియంలో చదివినవాళ్ళకి మహత్తు, అమహత్తు అనే మాటలు గుర్తుండే ఉంటాయి. 19వ శతాబ్దం మధ్యలో పరవస్తు చిన్నయసూరి రాసిన బాలవ్యాకరణం ద్వారా ఇవి బడుల్లో స్థిరపడ్డాయి. ఆయన లెక్కలో పురుషుల్ని చెప్పే మాటలు మహత్తులు. పశువులు, పక్షులు, ప్రాణం లేని వస్తువులు అమహత్తులు. స్త్రీలని చెప్పే మాటలకి మహతి అని వేరే పేరు పెట్టాడు. ఈ మహతులు ఏకవచనంలో అమహత్తుల్లా, బహువచనంలో మహత్తుల్లా నడుస్తాయి. అందుకే ఒక అక్క వస్తే "వచ్చింది", ఇద్దరు అక్కలు వస్తే "వచ్చారు". కుక్కలు ఎన్ని వచ్చినా "వచ్చాయి".

సూత్రంగా చూస్తే చక్కగా ఉంది. కానీ మహత్తు అన్న మాటకి అర్థం గొప్పది అని. ఇదే పాపకి వివరించబోతే ఏమవుతుంది? మగవాళ్ళు గొప్పవాళ్ళు, మిగతావన్నీ ఒక గుంపు అని చెప్పినట్టవుతుంది. నిజానికి ఆ పేరు పండితులు పెట్టినది, అదీ చాలా ఆలస్యంగా. తెలుగులో తెలుగుకి తొలి వ్యాకరణం అనదగిన ఆంధ్రభాషాభూషణం కేతన రాసింది 13వ శతాబ్దంలో. కడప జిల్లా కలమళ్ళలో దొరికిన తెలుగు శాసనం 6వ శతాబ్దానిది. జనం అంతకు ఎంత ముందు నుంచి ఈ భాష మాట్లాడుతున్నారో! వాళ్ళెవరూ వ్యాకరణం చదివి "ది" పెట్టలేదు. పేరులో ఉన్న తీర్పుని భాషకి అంటగట్టకూడదు అన్నది నేను మొదట నేర్చుకున్న సంగతి.

మరి ఈ అమరిక ఎంత పాతది? దానికి మన పక్కిళ్ళు చూడాలి. 1816లో మద్రాసులో ఎ.డి. క్యాంప్‌బెల్ అచ్చువేసిన తెలుగు వ్యాకరణానికి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒక ముందుమాట రాశాడు. తెలుగు, తమిళం, కన్నడం ఒకే కుటుంబం అని మొదటిసారి ఆధారాలతో చూపించింది అక్కడే. 1856లో కాల్డ్‌వెల్ తన తులనాత్మక వ్యాకరణంలో ఆ పని విస్తరించాడు. అప్పటి నుంచి ఈ భాషల్ని పక్కపక్కన పెట్టి చూడటం అలవాటైంది.

అలా పెట్టి చూస్తే ఆసక్తికరంగా ఉంటుంది. తమిళంలో అతను అవన్, ఆమె అవళ్, అది అదు. క్రియ కూడా మూడింటికీ మూడు రకాలుగా మారుతుంది. కన్నడంలో అవను, అవళు, అదు, అక్కడా అంతే. అంటే అక్కకి కుక్కతో సంబంధం లేకుండా వేరే చోటు ఉంది. ఇది చూడగానే నాకు తట్టింది, అయితే తెలుగువాళ్ళే ఆడవాళ్ళ చోటు పోగొట్టారన్నమాట అని. మీకూ అలాగే అనిపించవచ్చు. కాస్త ఆగండి.

ఇంకోవైపు ఆదిలాబాద్ అడవుల్లో గోండీ, కొలామీ మాట్లాడేవాళ్ళున్నారు. ఇవీ మన కుటుంబం భాషలే. వాటిలో మగవాళ్ళు ఒక జట్టు, మిగతా అందరూ, అన్నీ ఒక జట్టు. ఏకవచనంలోనే కాదు, బహువచనంలో కూడా. తెలుగులో పెట్టి చూస్తే "అక్కలు వచ్చాయి" అన్నట్టన్నమాట. ఎక్కడో జార్ఖండ్ వైపున్న కురుఖ్ మాత్రం అచ్చంగా తెలుగులాగే నడుస్తుంది. ఒక్కరైతే అటు, పదిమందైతే ఇటు.

ఈ మూడు పద్ధతుల్లో మొదటిది ఏది? భద్రిరాజు కృష్ణమూర్తి గారు 2003లో ద్రావిడ భాషల మీద ఇంగ్లీషులో వెలువరించిన పెద్ద గ్రంథంలో, గోండీ, కొలామీల్లో కనిపించేదే మూల ద్రావిడంలో ఉన్న పద్ధతి అని వాదించారు. పండితులందరూ దీన్ని ఒప్పుకోలేదు కానీ ఆయన చూపించే దారి నాకు నచ్చింది. మొదట మగవాళ్ళు ఒక వైపు, లోకమంతా ఇంకో వైపు. తర్వాత తమిళ, కన్నడాల వైపువాళ్ళు ఏకవచనంలో ఆడవాళ్ళకి కొత్తగా ఒక చోటు కట్టారు. తెలుగువాళ్ళు ఏకవచనాన్ని ఉన్నది ఉన్నట్టు వదిలేసి, బహువచనంలో ఆడవాళ్ళని మనుషుల జట్టులోకి తెచ్చారు. ఈ లెక్కన తెలుగు ఆడవాళ్ళని కిందికి దించలేదు. పాత ఇంట్లో ఒక గది బాగుచేసి ఇంకో గది అలాగే ఉంచేసింది.

ఇక్కడ ఆగి మళ్ళీ ఆ పాప అన్న మాట చూడండి. "అమ్మ వచ్చాడు." మనుషులైతే "డు", మనుషులు కానివైతే "ది" అని ఆ అమ్మాయి సొంతంగా ఒక నియమం చేసుకుంది. మనుషుల్నీ మనుషులు కానివాటినీ విడదీసే ఆ గీత తెలుగులో లేనిదేమీ కాదు. వచ్చారు, వచ్చాయి మధ్య ఉన్నది అదే గీత. బహువచనంలో తెలుగు చేసిన పనినే ఆ పిల్ల ఏకవచనంలో చేసింది. వందల ఏళ్ళలో ఒక భాష వేసిన అడుగుని ఎనిమిదేళ్ళ పిల్ల ఒక వారంలో వేస్తే మేమంతా కలిసి నవ్వాం.

నేను ఆ అమ్మాయికి చెప్పాల్సిన జవాబు నిజానికి మన మాటల్లోనే ఉంది. తలుపు చప్పుడైతే మనం ఏమంటాం? "ఎవరు వచ్చారు?" అంటాం. వచ్చింది అమ్మ అయినా నాన్న అయినా ఎవరు అనే అడుగుతాం, "రు" అనే అంటాం. అమ్మ వచ్చినప్పుడు "ఏమిటి వచ్చింది?" అని ఏ తెలుగువాడూ అడగడు. లెక్కపెట్టేటప్పుడు ఇద్దరు అక్కలు, రెండు కుక్కలు. ముగ్గురు అమ్మాయిలు, మూడు పిల్లులు. ఒక్కరే అయితే ఒకడు, ఒకతె, ఒకటి అని మూడూ ఉన్నాయి. మనవడు, మనవరాలు, స్నేహితుడు, స్నేహితురాలు, అల్లుడు, కోడలు. ఆడమనిషి వేరు అన్న సంగతి తెలుగుకి బాగా తెలుసు. క్రియ చివర మాత్రం, అదీ ఒక్కరున్నప్పుడు మాత్రం, ఆ తేడా చూపించదు. "సీతమ్మ వచ్చింది" అంటాం, "లక్ష్మీదేవి ప్రత్యక్షమైంది" అంటాం. అందులో అగౌరవం ఉందని ఎవరూ అనుకోరు.

గౌరవం తెలుగులో వేరే దారిలో వస్తుంది. నాన్నగారు వచ్చారు, అత్తయ్యగారు వచ్చారు, టీచరుగారు వచ్చారు. ఇక్కడ ఒక్కరే అయినా "రు" పెడతాం. ఆడా మగా తేడా లేదు. ఇంకో మాట కూడా చెప్పాలి. కొన్ని ఇళ్ళలో నాన్నని మీరు అంటారు, కొన్ని ఇళ్ళలో నువ్వు అంటారు. "నాయన వచ్చినాడు" అనే ఊళ్ళో ఆ మాటలో ప్రేమా గౌరవమూ రెండూ ఉంటాయి. క్లాసులో ఎవరింటి అలవాటుని వాళ్ళకి ఉండనివ్వాలి. నాన్నని నువ్వు అనే పిల్లవాణ్ణి మీరు అనమని దిద్దడం మన పని కాదు.

ఇంకొంచెం వెనక్కి వెళ్తే నాకు మరీ ఆశ్చర్యం వేసిన సంగతి ఉంది. పాత పుస్తకాల తెలుగు చూడండి. రాజు వచ్చెను. రాణి వచ్చెను. గుర్రము వచ్చెను. మూడింటికీ ఒకటే! ఆడా మగా లేదు, మనిషీ జంతువూ లేదు. వారు వచ్చిరి అన్నప్పుడు తప్ప తేడా కనిపించదు. అంటే పాప అడిగిన ప్రశ్న ఆ రూపం దగ్గర పుట్టనే పుట్టదు. ఆ "వచ్చెను"తో పాటు "వచ్చినాఁడు, వచ్చినది" అనే రూపాలూ ఉండేవి. జనం నోట్లో క్రమంగా ఇవే నిలిచాయి. వచ్చినాడు కాస్తా కోస్తా వైపు వచ్చాడు అయింది, తెలంగాణలో వచ్చిండు అయింది. వచ్చినది వచ్చింది అయింది. వాడులో ఉన్న "డు", వచ్చాడులో ఉన్న "డు" ఒకటే. అదిలో ఉన్న "ది", వచ్చిందిలో ఉన్న "ది" ఒకటే. అందుకే తెలుగులో "వచ్చాడు" అని ఒక్క మాట అంటే చాలు, వాడు అని వేరే చెప్పక్కర్లేదు. ఎవరు వచ్చారో క్రియే మోస్తుంది.

మిడిల్ స్కూల్లో స్పానిష్ తీసుకున్న పిల్లలకి ఇది ఇట్టే అర్థమవుతుంది. అబ్లో అంటే నేను మాట్లాడతాను, అబ్లాస్ అంటే నువ్వు మాట్లాడతావు, నేను, నువ్వు అని వేరే చెప్పకపోయినా. మా క్లాసులో ఒక అబ్బాయి "తెలుగు కూడా స్పానిష్ లాంటిదే" అని ప్రకటించాక మిగతావాళ్ళకి తెలుగు మీద గౌరవం పెరిగింది. వాళ్ళ నానమ్మ వింటే ఏమంటుందో తెలియదు కానీ, నేను మాత్రం ఆ పోలికని బాగా వాడుకుంటున్నాను.

ఇప్పుడు మనం పాఠం చెప్పే తీరుకి వద్దాం. దానికీ ఒక చరిత్ర ఉంది. మనం పిల్లలకి ఇచ్చే క్రియారూపాల పట్టిక, నేను వచ్చాను, నువ్వు వచ్చావు, వాడు వచ్చాడు అని గళ్ళు గళ్ళుగా ఉండేది, ఎవరి కోసం పుట్టిన పద్ధతో ఆలోచించారా? 1812లో మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జ్ కాలేజీ పెట్టింది ఇంగ్లండు నుంచి వచ్చిన కుర్ర అధికారులకి ఇక్కడి భాషలు నేర్పడానికి. క్యాంప్‌బెల్ వ్యాకరణం ఆ అవసరంలోంచి వచ్చింది. 1840లో సి.పి. బ్రౌన్ వ్యాకరణం, 1873లో ఆర్డెన్ వ్యాకరణం కూడా పెద్దయ్యాక తెలుగు నేర్చుకునే పరాయివాళ్ళ చేతికి అందే పుస్తకాలే. వాళ్ళకి లాటిన్ పట్టికలు బట్టీ పట్టిన అలవాటు ఉంది. కాబట్టి తెలుగుకీ పట్టిక సరిపోయింది. ఆ పుస్తకాల మీద నాకు చాలా గౌరవం. కానీ వారానికి రెండు గంటలు వచ్చే ఎనిమిదేళ్ళ పిల్లకి, ఇంట్లో తెలుగు వింటూ పెరిగే పిల్లకి, కంపెనీ ఉద్యోగి పుస్తకం ఇచ్చి ఇదే తెలుగు అంటే ఎలా?

20వ శతాబ్దం మొదట్లో విశాఖపట్నం వైపు యేట్స్ అనే స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు ఉండేవాడు. తాను పుస్తకంలో నేర్చుకున్న తెలుగూ జనం మాట్లాడే తెలుగూ ఒకటి కాకపోవడం ఆయనకి వింతగా అనిపించింది. ఆ ప్రశ్న గిడుగు వెంకట రామమూర్తి గారి దాకా వెళ్ళింది, అక్కణ్ణుంచి వ్యావహారిక భాషా ఉద్యమం నడిచింది. ఆగస్టు 29న మనం జరుపుకునే తెలుగు భాషా దినోత్సవం ఆయన పుట్టినరోజే. బడిలో వచ్చెను, వచ్చిరి రాయించాలా, వచ్చాడు, వచ్చారు రాయించాలా అన్నది ఆ గొడవలో ఒక ముఖ్యమైన భాగం. పరాయివాడు అడిగిన ఒక అమాయకపు ప్రశ్న అంత దూరం తీసుకెళ్ళింది. నేను ఆ పాపకి "అది రూలు" అన్నప్పుడు ఇవేవీ నాకు గుర్తు లేవు.

పిల్లలు తప్పులు ఎందుకు చేస్తారన్నదాని మీద ఆలోచన కూడా ఈ అరవై ఏళ్ళలో చాలా మారింది. 1967లో పిట్ కోర్డర్ అనే ఆయన ఒక వ్యాసంలో, నేర్చుకునేవాళ్ళ తప్పులు వాళ్ళ బుర్రలో ఏ నియమం తయారవుతోందో చూపిస్తాయి, కాబట్టి టీచరుకి అవి విలువైన సమాచారం అన్నాడు. 1973లో రోజర్ బ్రౌన్ ముగ్గురు అమెరికన్ పిల్లల మాటలు ఏళ్ళ తరబడి రికార్డు చేసి రాసిన పుస్తకంలో, ఇంగ్లీషులో ఆమె, అతను అన్నప్పుడు క్రియ చివర వచ్చే "స్" అనే ఒక్క చిన్న గుర్తు కూడా పిల్లలకి కాస్త ఆలస్యంగానే పట్టుబడుతుందని చూపించాడు. ఉన్నది ఒక్కటే ముక్క, అదీ రోజంతా వినే భాష. మరి మన తెలుగులో ను, వు, డు, ది, ము, రు, యి అని ఏడు! మన పిల్లలకి టైము పట్టడంలో వింతేముంది?

మరీ దగ్గరగా అనిపించినది మరియా పొలిన్‌స్కీ పరిశోధన. అమెరికాలో పెరిగిన రష్యన్ కుటుంబాల పిల్లల మీద ఆమె చేసిన పని 2008లో వచ్చింది. రష్యన్‌లో లింగాలు మూడు. ఇంట్లో తక్కువగా రష్యన్ వాడినవాళ్ళు ఆ మూడింటిని కలగాపులగం చేయలేదు. శుభ్రంగా రెండుగా సర్దుకున్నారు. వాళ్ళది తమదైన నియమం ఉన్న చిన్న రష్యన్. అది చదివినప్పుడు నాకు మళ్ళీ ఆ ముందు వరస పాపే గుర్తొచ్చింది.

అయితే మన పిల్లలు చేసే తప్పులన్నీ ఇంత అందమైనవి అనను. అన్నిటికంటే ఎక్కువగా వినపడేది ఇది: "నువ్వు అన్నం తిన్నావా?" "తిన్నావు." మీ ఇంట్లో కూడా వినే ఉంటారు. దీనికి కారణం వెతకడానికి నేను ఒక వారం మా ఇంట్లో నా మాటలే గమనించుకున్నాను. మా అబ్బాయితో నేను అన్నవి ఇవి: లే, పళ్ళు తోముకో, తిన్నావా, బ్యాగు సర్దుకున్నావా, హోంవర్క్ చేశావా, పడుకో. అన్నీ నువ్వు, నువ్వు, నువ్వు. ఇంతకు మించి నోరు తెరిచింది తక్కువే. నేను, మనం, వాళ్ళు అనే రూపాలు వాడి చెవిన పడేది ఎప్పుడు? నేనూ మా ఆయనా మాట్లాడుకునేది సగం ఇంగ్లీషులో. ఊళ్ళో అయితే పక్కింటావిడ వచ్చి అరుగు మీద కూర్చుని ఊరందరి సంగతులూ చెబుతుంది. వాడు వెళ్ళాడట, ఆవిడ తిట్టిందట, వాళ్ళు కట్నం అడిగారట. ప్రథమ పురుష అంతా అక్కడ ఉచితంగా దొరుకుతుంది. ఆ అరుగు ఇక్కడ లేదు.

ఇంకో చిక్కు ఉంది. ఇంగ్లీషులో ప్రశ్నకి అవును, కాదు అంటే సరిపోతుంది. తెలుగులో "తిన్నావా?" అంటే "తిన్నాను" అని క్రియ చివర మార్చి తిరిగి ఇవ్వాలి. వు తీసుకుని ను ఇవ్వడమే సంభాషణ. మన పిల్లలు "ఊఁ" అంటారు, లేదా "యా" అంటారు. మనం ఒప్పుకుంటాం. రోజుకి ఇరవైసార్లు వచ్చే ఆ అవకాశం ఇరవైసార్లూ పోతుంది. వ్యతిరేకంలో మాత్రం పిల్లలు చాలా హాయిగా మాట్లాడతారు, గమనించండి. నేను తినలేదు, వాడు తినలేదు, వాళ్ళు తినలేదు. అందరికీ "లేదు" ఒకటే. పాత తెలుగులో అక్కడా వాఁడు తినఁడు, వారు తినరు అనే రూపాలే నడిచేవి. జరిగిపోయిన పనికి మనం వాడే "తినలేదు"లో ఆ మార్పు లేదు. పిల్లలు ఆ తేలిక దారిని ఎంత త్వరగా కనిపెడతారో! మా క్లాసులో ఒక బాబు మూడు వారాలపాటు అన్నీ లేదు అనే చెప్పాడు, తిన్నా కూడా.

కాబట్టి మా తరగతిలో పట్టికని మొదటి పేజీ నుంచి తీసి చివరి పేజీకి పంపాను. దాని బదులు ఇప్పుడు చేసేది తలుపు ఆట. ఒకరు బయటికి వెళ్ళి తలుపు కొడతారు. లోపలివాళ్ళు "ఎవరు వచ్చారు?" అంటారు. బయటివాళ్ళు చేతిలో బొమ్మ మార్చుకుంటూ వస్తారు. తాత వచ్చాడు, పులి వచ్చింది, అత్త వచ్చింది, దొంగలు వచ్చారు, కోతులు వచ్చాయి. ఒకసారి ఒక పిల్ల అమ్మ బొమ్మా కుక్క బొమ్మా రెండూ పట్టుకుని వచ్చేసింది. అమ్మా కుక్కా వచ్చారా, వచ్చాయా? మీరే చెప్పండి చూద్దాం. మేము ముగ్గురు టీచర్లం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం. చివరికి "అమ్మ కుక్కని తీసుకుని వచ్చింది" అని తప్పించుకున్నాం. పెద్దవాళ్ళకి కూడా ఈ పొందిక అంత సులువు కాదని పిల్లలకి ఆ రోజు తెలిసింది. చాలా సంతోషించారు.

ఇంట్లో మీరు చేయగలిగింది ఒకటుంది. రాత్రి భోజనం దగ్గర ఎవరి గురించైనా చెప్పండి. ఆఫీసులో మేనేజరు ఏమన్నాడు, ఊళ్ళో పెద్దమ్మ ఏం చేసింది, మీ చిన్నప్పుడు మీ అన్నయ్య ఎక్కడ పడ్డాడు. అరుగు మన డైనింగ్ టేబుల్ దగ్గరికి రావాలి. పిల్లలు "నేను తిన్నావు" అంటే, తప్పు అని ఆపకుండా "తిన్నావా, నేను కూడా తిన్నాను" అని సరైన రూపం వాళ్ళ చెవిన వేయండి. అమ్మమ్మలకీ తాతయ్యలకీ ముందే ఒక మాట చెప్పి ఉంచండి, నవ్వొద్దని. వాళ్ళు ముద్దుగానే నవ్వుతారు, నాకు తెలుసు. స్క్రీన్ ఇటువైపున్న పిల్లకి ఆ ముద్దు కనపడదు, నవ్వు మాత్రమే వినపడుతుంది.

తోటి టీచర్లకి ఒక ప్రత్యేక మనవి. "నాన్న వచ్చిండు" అనే పిల్లవాణ్ణి దిద్దకండి. "నేను పోయిన" అనే పిల్లనీ దిద్దకండి. అక్కడ పొందిక తప్పలేదు. కర్త ఎవరో వాళ్ళకి తెలుసు, క్రియ దానికి తగ్గట్టే ఉంది. వాళ్ళమ్మానాన్నల ఊరి తెలుగు అది, వచ్చినాడు నుంచి వచ్చాడు ఎంత సూటిగా వచ్చిందో వచ్చిండు కూడా అంతే సూటిగా వచ్చింది. రాతలో ఏ రూపం వాడాలో పెద్ద తరగతుల్లో మెల్లిగా చెప్పుకోవచ్చు. కిందటేడాది మన దగ్గరే ఒక వర్క్‌షీటులో "వచ్చిండు" కింద ఎర్ర గీత పడింది. ఆ తండ్రి వచ్చి నెమ్మదిగా అడిగాడు, మా ఇంట్లో మాట్లాడేది తెలుగు కాదా అని. ఆ గీత గీసింది నేను కాదు కానీ, ఏడాది ముందైతే నేనే గీసి ఉండేదాన్ని.

ఆ పాప సంగతి చెప్పి ముగిస్తాను. ఇదంతా చదివాక ఒక శనివారం తనని పక్కన కూర్చోబెట్టుకుని, నువ్వు అడిగిన ప్రశ్నకి ఆ రోజు నాకు జవాబు తెలియదు, అందుకే రూలు అన్నాను అని ఒప్పుకున్నాను. ఎవరు వచ్చారు, ఏమిటి వచ్చింది అన్న తేడా చూపించాను. ఇద్దరు అక్కలు, రెండు కుక్కలు లెక్కపెట్టించాను. గోండీలో అక్కలు ఎందరున్నా ఇంకో వైపే ఉంటారని చెప్తే కళ్ళు పెద్దవి చేసింది. నువ్వు కనిపెట్టిన రూలు తెలుగులో నిజంగానే ఉంది, కాకపోతే ఇద్దరుంటేనే పనిచేస్తుంది అన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే అమ్మ, అమ్మమ్మ వచ్చారు అనొచ్చా?" అని అడిగింది. అనొచ్చు అన్నాను. ఇప్పుడు ఆ ఇంట్లో అమ్మ ఒక్కతే రావడం బాగా తగ్గిపోయిందట. ఎప్పుడు చెప్పినా అమ్మతో పాటు ఇంకెవరో ఒకరు వస్తున్నారు.